సోమవారం దుప్పట్లు

2025 జనవరి 27, సోమవారం. ఉదయం 8:40

ఎడమ చెయ్యి మిషన్‌కు ఇచ్చేశాను. కుడి చెయ్యి ఖాళీ. నాలుగు గంటలు పైకప్పు చూస్తూ పడుకోవడం నా వల్ల కాదు. అందుకే ఈ నోట్‌బుక్.

ఆత్మకూరు బస్టాండ్ ముందు నాది జిరాక్స్ షాపు. పదిహేనేళ్లుగా చుట్టుపక్కల ఊళ్ల అప్లికేషన్లన్నీ నేనే నింపుతున్నాను. ఏ ఆఫీసుకు ఏ మాట రాస్తే పనవుతుందో నాకు తెలుసు. కిడ్నీలు పోయినప్పుడు మాత్రం ఏ అప్లికేషనూ పనిచేయలేదు. రెండేళ్లుగా సోమ, బుధ, శుక్రవారాలు మొదటి బస్సుకు వనపర్తి వచ్చి, ఊరి చివర ఈ ట్రస్టు దవాఖానలో డయాలసిస్ చేయించుకుంటున్నాను. ఆరు బెడ్లు. పొద్దున ఏడింటి షిఫ్టు మాది.

ఈరోజు మళ్లీ వచ్చింది. మిషన్ పెట్టిన గంట తర్వాత, మొదట ఎదురు బెడ్ స్వరూపకు, తర్వాత మూల బెడ్ ఆయనకు, తర్వాత నాకు. వెన్నులోంచి వణుకు. పళ్లు టకటక కొట్టుకుంటాయి. ఒళ్లు పట్టుకుంటే కాలుతుంది, లోపల మాత్రం గడ్డకట్టే చలి. ముప్పావు గంటకు చెమట పట్టి దిగిపోతుంది. సోమవారమే వస్తుంది. అందుకే సోమవారం అందరం ఇంటి నుంచి దుప్పట్లు తెచ్చుకుంటాం, టిఫిన్ డబ్బా తెచ్చుకున్నంత మామూలుగా.

టెక్నీషియన్ దినేష్ వచ్చి నిన్న ఏం తిన్నవక్కా అని అడిగాడు. మటన్ అన్నాను. గట్ల తింటే గిట్లనే అయితది, రెండు రోజుల చెత్త ఒంట్ల పేరుకపోతది అని కోప్పడ్డాడు. పక్క బెడ్ సావిత్రమ్మ నవ్వింది. గద్వాలలో చీరలు నేస్తుంది, డెబ్బైకి దగ్గర. నీకన్న మటన్ దక్కింది నవనీతా, నేను ఉత్త పప్పుచారుకే వణుకుతున్న గదనే అంది.

జనవరి 29, బుధవారం

చలి లేదు, జ్వరం లేదు. బుధవారం ఎప్పుడూ రాదు.

హైదరాబాద్ నుంచి తేజస్విని అనే అమ్మాయి వచ్చింది. ట్రస్టు వాళ్లు కొత్త డయాలసిస్ హాలు కడతారట. దాన్ని ఇంజనీర్లు కాదు, పేషెంట్లే డిజైన్ చేయాలట. మీకేం కావాలో మీరు చెబితేనే మాకు తెలుస్తుంది అంది. ఎంత చక్కగా చెప్పిందో. ఆమె ప్రతి బుధవారం వస్తుందట. పేషెంట్ల తరఫున మాట్లాడడానికి ఒకరు కావాలంటే అందరూ నా వైపు చూశారు. రాసే చెయ్యి నవనీతమ్మదే అన్నారు.

అబ్బో, నేను కమిటీ మెంబర్‌ని. నిజం చెప్పాలంటే సంతోషం వేసింది. రెండేళ్లలో బరువెంత, బీపీ ఎంత అని తప్ప ఇక్కడ నన్నెవరూ ఏమీ అడగలేదు.

జనవరి 31, శుక్రవారం

అందరినీ అడిగి రాసుకున్నాను. టీవీ ఇటు తిప్పాలి. బాత్రూం తలుపుకు లోపలి గడియ కావాలి. మాతో వచ్చినవాళ్లు కూర్చోవడానికి నీడ కావాలి. అన్నీ రాశాక, సోమవారం జ్వరం సంగతి రాయనా అని అడిగాను.

స్వరూప ఏడుపు మొహం పెట్టింది. నాగర్‌కర్నూల్ నుంచి వస్తుంది, ఇద్దరు చిన్నపిల్లలు. అక్కా, గా మాటొక్కటి రాయకు, జ్వరం అని తెలిస్తే మిషన్ బంద్ జేస్తరు, నేను యాడికి పోవాలె అంది. భీమయ్య సంగతి మర్చిపోయినవా అని సావిత్రమ్మ అడిగింది.

ఎలా మర్చిపోతాను. వడ్డేపల్లి మనిషి, బొంబాయి దాకా మట్టిపనికి పోయి వచ్చినవాడు, ఎవరికీ భయపడడు. నిరుడు వర్షాకాలంలో ఒక సోమవారం, నాకు జ్వరమొచ్చింది, మీ దగ్గర్నే ఏదో తప్పున్నది అని గట్టిగా అరిచాడు. వెంటనే మిషన్ ఆపారు. ఇక్కడ కుదరదు, హైదరాబాద్ పొమ్మని చీటీ రాసి ఇచ్చారు. హైదరాబాద్‌లో వారం తిరిగినా బెడ్ దొరకలేదు. పన్నెండో రోజు పోయాడు. ఆ రోజు నుంచి ఈ హాల్లో ఎవరికీ జ్వరం రాలేదు. అందరికీ చలే.

ఫిబ్రవరి 1, శనివారం

షాపులో కూర్చుని ఫెయిర్ కాపీ రాశాను. ఐదో పాయింట్: ఏసీ వల్ల చలి ఎక్కువగా ఉన్నందున దుప్పట్లు ఇప్పించగలరు.

ఇప్పించగలరు. ఛీ, నా మొహం.

ఫిబ్రవరి 5, బుధవారం

తేజస్విని నా కాగితం చదివి ఎగిరి గంతేసినంత పని చేసింది. ఇంత క్లియర్‌గా ఎవరూ రాయలేదట. ఐదో పాయింట్ ఈజీ, కొత్త హాలు దాకా ఆగక్కర్లేదు, ముందే చేయిస్తా అంది. మొన్న సోమవారం నలుగురికి వచ్చిందని చెబుదామని నోటిదాకా వచ్చింది. స్వరూప కళ్లతోనే వద్దంది. మింగేశాను.

ఫిబ్రవరి 10, సోమవారం. 9:15

నిన్న ఒక పరీక్ష పెట్టుకున్నాను. మా ఆయన చికెన్ తెస్తే వాసన చూసి ఊరుకున్నాను. రెండు జొన్నరొట్టెలు, ఉప్పు లేని కూర, రోజంతా కలిపి రెండు గ్లాసుల నీళ్లు. అంత నోరు కట్టుకుని వచ్చాను.

8:05కి వచ్చింది. ఇప్పుడిప్పుడే తగ్గుతోంది. రాత వంకర పోతోంది, పోనీ.

తిండి కాదు. మరి ఏంటి?

ఫిబ్రవరి 27, గురువారం

నిన్న శివరాత్రి, సెంటర్‌కు సెలవు. మా షిఫ్టును ఈరోజు మధ్యాహ్నానికి జరిపారు. పన్నెండున్నరకు వచ్చేసరికి పొద్దుటి వాళ్లు బయటికి వస్తున్నారు. మంగళ, గురు, శనివారాల వాళ్లు. సోమవారపు జ్వరం అంటే ఏంటో వాళ్లకు తెలియదు. ఒకాయన గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ఇంకొకామె చీర మీద చీర చుట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చుని ఇంకా వణుకుతోంది. ఉపవాసం ఉండి వచ్చిండ్రు, అందుకే అని ఎవరో అంటున్నారు. ఆరుగురిలో నలుగురికి వచ్చిందట.

వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాను. ఆదివారం బంద్, సోమవారం జ్వరం. బుధవారం బంద్, గురువారం జ్వరం. తిన్నవాళ్లకూ వచ్చింది, ఉపవాసం ఉన్నవాళ్లకూ వచ్చింది. తప్పు మా నోట్లో లేదు. ఒక రోజు మూసి తెరిచిన మిషన్లలో ఉంది.

సూదులు పెడుతున్నప్పుడు దినేష్‌ను మెల్లగా అడిగాను. సెలవు రోజు ఆ నీళ్లు ఏమవుతాయి తమ్ముడూ అన్నాను. ఒక్కొక్కరికి నూరు లీటర్ల పైన నీళ్లు కావాలి. ఈ గోడ వెనక వాటిని శుభ్రం చేసే ప్లాంటు ఉంది, ట్యాంకు ఉంది. దినేష్ ముందు తలుపు వైపు చూశాడు. తర్వాత చెప్పాడు. ట్యాంకుల, పైపులల్ల గట్లనే నిలబడి ఉంటయి. తెల్లారి మొత్తం వదిలేసి, మందు పెట్టి కడిగి, టెస్టు చేసినంకనే ఎక్కియ్యాలె. ఏడింటికి షిఫ్టు అంటే అయితదా అక్కా. రెండుసార్లు పైకి రాసి పంపిన. నా పేరు మాత్రం ఎత్తకు.

అయితే మా నెత్తుట్లోకి పోతున్నది ఏంటి? అడగలేదు. అప్పటికే సూది గుచ్చాడు.

మార్చి 3, సోమవారం

దుప్పట్లు వచ్చాయి.

లేత నీలం రంగు, మెత్తగా, అంచున ట్రస్టు పేరు కుట్టి ఉంది. మేనేజర్ వచ్చి ఒక్కొక్కరికీ కప్పి ఫొటో తీయించాడు. తలుపు పక్కన కొత్త బోర్డు పెట్టారు. మీరు చెప్పారు, మేము విన్నాము అని పెద్ద అక్షరాలు. కింద నా పేరు.

ఎనిమిదింటికి సావిత్రమ్మకు మొదలైంది. ఇంతకుముందు ఎన్నడూ అంత రాలేదు. మంచం ఇనుప కాళ్లు నేల మీద టకటక కొట్టుకున్నాయి. దుప్పటి నెత్తి దాకా లాక్కుంది. సిస్టర్‌ను పిలుస్తానంటే లోపలి నుంచే చెయ్యి ఊపింది. వద్దు బిడ్డా, జరసేపైతే అదే పోతది అంది. దుప్పటి అంచు పళ్ల మధ్య పెట్టుకుని కొరికి పట్టుకుంది. అటుగా వెళ్లిన సిస్టర్ కొత్త దుప్పటి బాగుందా అవ్వా అని అడిగి పోయింది.

నాలుగు గంటలూ పూర్తి చేసింది. అల్లుడు దుప్పటితో సహా ఎత్తుకుని ఆటోలో పడుకోబెట్టాడు.

నేను పిలవలేదు.

మార్చి 5, బుధవారం

సావిత్రమ్మ రాలేదు. ఫోన్ చేస్తే, గద్వాలలో వేరే దవాఖానలో ఉంది, జ్వరం దిగడం లేదన్నారు. తేజస్విని కూడా రాలేదు. వేరే జిల్లాలో మీటింగట.

మార్చి 6, గురువారం

సావిత్రమ్మ పోయింది.

మార్చి 9, ఆదివారం

గద్వాల వెళ్లి వచ్చాను. ఇంట్లో మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉంది. కూతురు నా చెయ్యి పట్టుకుని, నెత్తురుల ఇన్ఫెక్షన్ అన్నరక్కా, యాడి నుంచి వచ్చిందో తెల్వదన్నరు అని చెప్పింది. మా అమ్మ నీ ముచ్చటే చెప్తుండె, మా నవనీత మా గురించి పైకి రాసిందని అంది.

ఆ మాటకు చచ్చిపోదామనిపించింది.

వస్తుంటే నీలం దుప్పటి మడిచి ఇచ్చింది. దవాఖాన సొమ్ము, తిరిగి ఇచ్చెయ్ అంది. ఉతికి ఎండేసింది. అంచున పళ్లగాట్లు మాత్రం పోలేదు.

మార్చి 12, బుధవారం

తేజస్వినికి మొత్తం చెప్పేశాను. భీమయ్య, సోమవారాలు, శివరాత్రి, నీళ్లు. ఐదో పాయింట్ అబద్ధం, అది రాసింది నేనే అని చెప్పాను. దుప్పటి తెరిచి అంచు చూపించాను. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. లాప్‌టాప్ తెరిచింది. మా కాగితం అందులో ఉంది. ఐదో పాయింట్ పక్కన పచ్చ టిక్కు, పరిష్కారమైంది అని. దాన్ని మళ్లీ తెరవాలంటే ఇంకెవరైనా చెప్పాలి ఆంటీ, మీ ఒక్కరి మాటేనంటారు అంది.

హాల్లోకి తీసుకెళ్లి అందర్నీ అడిగింది. ఒక్కరూ మాట్లాడలేదు. దినేష్ నేల చూశాడు. సావిత్రమ్మ బెడ్‌లో కొత్తగా చేరిన రాములమ్మ మాత్రం, ఎండలు ముదిరినయి, గీ దుప్పట్లెందుకు అని అడిగింది. పాపం, సోమవారం ఇంకా చూడలేదు.

వెళ్లేముందు తేజస్విని ఒక మాట చెప్పింది. వచ్చే సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు ట్రస్టు చైర్మన్ వస్తున్నాడు. వెంట హైదరాబాద్ నుంచి పెద్ద కిడ్నీ డాక్టరు. ఆ డాక్టరు తన కళ్లతో చూస్తే ఇక ఏ కాగితమూ అక్కర్లేదు. ఆ చూపు చాలు, ఈ నీళ్లు వాడడం వెంటనే ఆపిస్తాడు అంది.

మార్చి 14, శుక్రవారం

బయట హోలీ. లోపల మేము ఆరుగురం.

బతిమాలాను. తిట్టాను కూడా. ఎవరూ నోరు తెరవక్కర్లేదు, ఒక్క మాట మాట్లాడక్కర్లేదు, సోమవారం దుప్పటి కప్పుకోకుండా ఉండండి చాలు, వణుకు ఆయన చూస్తాడు అన్నాను. ఆరుగురం ఒకేసారి వణుకుతుంటే ఎంతమందిని హైదరాబాద్ పంపుతారు? రాములమ్మను చూపించి, ఈమెకు ఏమైనా అయితే మనదే పాపం అన్నాను. చివరికి ఒప్పుకున్నారు. స్వరూప పిల్లల మీద ఒట్టు వేసింది.

మార్చి 16, ఆదివారం

మా ఆయన రేపు వెళ్లొద్దంటున్నాడు. వెళ్లకపోతే బుధవారం దాకా ఒంట్లో నీళ్లు ఊపిరి అందనివ్వవు. వెళితే ఆ నీళ్లు. ఆయన మీద ఊరికే అరిచాను, తర్వాత ఇద్దరం ఏడ్చాం.

మధ్యాహ్నం మూడైంది. ఇప్పుడు వనపర్తిలో ఆ ట్యాంకులో నీళ్లు కదలకుండా ఉంటాయి.

మార్చి 17, సోమవారం

7:40. మేనేజర్ వచ్చాడు. పెద్దలు వస్తున్నరు, ఎవరికన్న జ్వరం గిట్ల ఉంటే ఇప్పుడే చెప్పుండ్రి, మిషన్ తీసేసి హైదరాబాద్ పంపిస్తం, అంబులెన్స్ రెడీ ఉంది అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

8:15. వచ్చింది. నా దుప్పటి కింద పడేశాను.

8:25. మిగతా నలుగురూ కప్పుకున్నారు. రాములమ్మ కూడా. ఎవరు నేర్పారో.

8:30. బయట కార్లు. స్వరూప ఏడుస్తోంది. అక్కా మాఫ్ చెయ్, నిన్ను పంపిస్తరు, అందర్ని పంపిస్తరు అని తన దుప్పటి నా మీదికి విసిరింది. సిస్టర్ కిందిది తీసి దాని మీద కప్పింది. మెడ దాకా. పళ్లు కొట్టుకుంటున్నాయి, మాట రావడం లేదు. ఈ చెయ్యి ఒక్కటే బయట ఉంది.

తలుపు దగ్గర తేజస్విని. నా బెడ్ చూపిస్తోంది. డాక్టరు వచ్చాడు. వంగాడు. నా మొహం చూడలేదు, దుప్పటి అంచు వేళ్లతో పట్టుకుని చూశాడు. బాగుంది, మెత్తగా ఉంది అన్నాడు