కార్డు వెనుకవైపు

సిస్టర్ బెర్నడీన్ గారికి,

మా నాన్నను మన స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌గా ఉంచాలా వద్దా అని సోమవారం మీరు తేలుస్తారట. ఆలోగా మీకొక సంగతి చెప్పాలి.

ఆటలో ఆయన చేతిలో ఉండే ఎత్తుల కార్డు టైపు చేసేది నేనే. ముందువైపు బంతితో పరుగెత్తే ఎత్తులు, వెనుకవైపు బంతిని విసిరే ఎత్తులు. "చంకలో ఉన్నంతసేపే బంతి మనది తల్లీ" అంటారు నాన్న. మూడేళ్లుగా వెనుకవైపు చూడనేలేదు. ఆయనకు చూపు తగ్గిందని ఈ ఏడాది పరుగు ఎత్తుల అక్షరాలు పెద్దవి చేసి, వెనుకవైపు ఖాళీగా వదిలేశాను. ఆయనకు చెప్పలేదు.

శుక్రవారం చివరి నిమిషంలో నాలుగు పాయింట్లు వెనకబడ్డాం. "ఇప్పుడైనా విసిరించవయ్యా, మొండి ముసలోడా!" అని నా వెనక వరుసలో ఆట చూస్తున్న కొవాల్‌స్కీ గారు అరిచారు. అప్పుడే నాన్న కార్డు తిప్పారు. తలెత్తి, జనంలో నన్ను వెతికి చూశారు. మూడేళ్లుగా నోట రాని ఎత్తుల పేర్లు పది సెకన్లలో ఎలా గుర్తొస్తాయి? మళ్లీ పరుగే చెప్పారు. ఓడిపోయాం.

పత్రికవాళ్లతో "విసరాలన్న ఆలోచనే రాలేదు" అన్నారు. ఇంటికొచ్చి, "బంగాళాదుంపలు ఇటివ్వమ్మా" అన్నారు. అంతే.

కొత్త కార్డు రెండువైపులా టైపు చేసి దీనితో పంపుతున్నాను. ఆయన మారరని ఊరంతా అంటోంది. ఊరికంటే ముందు అది నమ్మింది నేనే.

మీ పాత విద్యార్థిని