మొకానికి మసి పూసుకోనన్న ముచ్చట

దుబాయి

రాజక్కా,

నీ తమ్ముడు నర్సయ్య దండం పెట్టి రాసుడేమంటే, నేను మంచిగనే ఉన్న. పానానికి ఏం తక్లీఫ్ లేదు. నీ మోకాళ్ల నొప్పి ఎట్లున్నది? బావ దగ్గు తగ్గిందా? బట్ట నేసే సాంచాల మీదికెల్లి దిగంగనే దీక్ష టెంటుల పోయి కూసుంటుండని మా ఇంటిది ఫోన్ల చెప్పింది. తిట్టకు అక్కా. సిరిసిల్ల మొత్తం తెలంగాణ కోసం రోడ్డు మీదికచ్చినంక ఆయనొక్కడు ఇంట్ల ఎట్ల కూసుంటడు? గోలీలు మాత్రం మరువనియ్యకు.

కోరుట్ల గంగాధర్ సెలవు మీద వస్తుండు, ఈ ఉత్తరం ఆయనకే ఇస్తున్న. బంద్‌లల్ల, రాస్తారోకోలల్ల చిక్కుకొని ఎప్పుడు చేరుతడో ఏమో. ఆలస్యమైతె ఆయన మీద గుస్స గాకు.

నేను కారు నడిపే ఇంటోళ్లు హాలెండ్ దేశపోళ్లని నీకెరికే. సార్, మేడం, నాలుగేండ్ల పిల్ల లోటె. వాళ్లకు చలికాలంల ఒక పిల్లల పండుగున్నది. ఏం పండుగో ఏమో అక్కా, నాకైతె తల పానం తోకకచ్చింది.

సింటర్‌క్లాస్ అని ఒక ముసలి సాధువు. ఎర్ర అంగీ, ఎత్తు టోపీ, బొడ్డు దాక తెల్ల గడ్డం. "క్రిస్మస్ తాతనా?" అని అడిగితె మేడం మొకం మాడ్చింది. ఈయన వేరేనట. స్పెయిన్ నుంచి ఓడల వస్తడట, తెల్ల గుర్రమెక్కి ఇండ్ల కప్పుల మీదికెల్లి తిరుగుతడట. పిల్లలు పొయ్యికాడ బూట్లు పెట్టి, అండ్ల గుర్రానికి గాజర్‌గడ్డ, గదే క్యారెట్, పెడితె, ఆయన గాజర్ తీసుకొని మిఠాయి ఏసిపోతడట. ఈ ఇంట్ల పొయ్యి, దాని మీద పొగగూడు యాడిది? మేడం ఆ బూట్లు ఏసీ కింద పెట్టిచ్చింది.

గిదంత ఎవలు చెయ్యాలె? నేనే. గాజర్లు నేనే తేవాలె, పొద్దుగాల పిల్ల లేవకముందే నేనే తియ్యాలె. ఉత్తగ తీస్తె నడువదట, గుర్రం కొరికినట్టు సగం ముక్క మిగలాలెనట. పండ్లు తోముకోకముందే పచ్చి గాజర్ కొరుక్కుంట నిలబడ్డ. నవ్వకు. అల్లం వాసనచ్చే చిన్న చిన్న బిస్కెట్లు ఇల్లంత ఎగజల్లుతరు, కారు సీట్ల సందులకెల్లి ఇంకా ఏరుతనే ఉన్న. ఇగ మేడం తెల్ల గుర్రం కావాలన్నది. తిరిగి తిరిగి కిరాయికి మాట్లాడుకొనస్తె, "ఇది తెలుపు కాదు నర్సయ్యా, బూడిద రంగు" అన్నది. నేనేం జెయ్యాలె, గుర్రానికి సున్నమెయ్యాల్నా?

గీ పరేషానంత పడ్డ. జీతగాన్ని, పడాలె. అసలు ముచ్చట ఇంకోటున్నది.

ఆ సాధువు ఎంబడి పీట్ అని ఒక నౌకరుంటడు. మొకమంత నల్ల రంగు, పెదువులకు ఎర్ర రంగు, నెత్తికి ఉంగరాల జుట్టు, చెవులకు రింగులు. సంచి మోస్తడు, కోతి చేష్టలు చేసి నవ్విస్తడు. ఏటా ఆ ఏషం సార్ దోస్తు ఏసేటోడట. ఈసారి ఆయన ఊరికి పోయిండు. మేడం ఆ బట్టలు నా చేతుల పెట్టి నవ్వుకుంట అన్నది: "నువ్వైతె మంచిగ సరిపోతవ్ నర్సయ్యా. నీకు రంగు గూడ ఎక్కువ పట్టది."

కావాలని అనలేదక్కా, గది నాకెరికే. జరమచ్చిన్నాడు నాకు గోలీలు తెచ్చిచ్చిన మనిషే. అయినా మన ఊరు రుద్రంగిల మనం చిన్నగున్నప్పుడు దొర వాకిట్ల నల్లగున్ననని నన్ను "ఓ కర్రోడా" అని పిలుసుడు, కూసున్నోళ్లందరు నవ్వుడు యాదికచ్చింది.

"గుర్రాన్ని పట్టుకుంట మేడం, సంచి మోస్త. మొకానికి మసి పూసుకోను" అన్న.

"తప్పేమున్నది? పొగగూడులకెల్లి దిగుతడు కాబట్టి మసంటింది. పిల్లల ఆట."

"మసి మొకానికే అంటుతదా మేడం? అంగీకి అంటదా?"

ఆమె సార్ దిక్కు చూసింది. సార్ మాట్లాడిండు. "డ్రైవర్లు మస్తుమంది దొరుకుతరు నర్సయ్యా." నా పాస్‌పోర్ట్ ఆయన బీరువలనే ఉన్నది. "తీసేస్తె మీ ఇష్టం సార్" అని బయటికచ్చి కారు తుడుసుకుంట నిలబడ్డ. తుడిసిందే తుడిసిన. వీసా కొట్టేస్తె ఏ మొకం పెట్టుకొని ఊరికి రావాలె? కొండగట్టు అంజన్నా, నువ్వే దిక్కు అనుకున్న.

పండుగ నాడు ఇంకెవలు దొరకక సారే ఆ నల్ల రంగు పూసుకున్నడు. తోటల వాళ్ల దేశపోళ్ల పిల్లలందరు జమైన్రు. సింటర్‌క్లాస్ ఏషమేసిన ముసలాయన గుర్రం మీదున్నడు, నేను తెల్ల అంగీల కళ్లెం పట్టుకొని నిలబడ్డ. సార్ గోడ ఎనుకకెల్లి ఎగిరి దునికి, కేకలేసుకుంట బిస్కెట్లు ఎగజల్లిండు. మిగిలిన పిల్లలు నవ్విన్రు. మా లోటె నవ్వలేదు. గొంతు నాయినది, మొకం ఎవలిదో! చూసింది చూసింది, కెవ్వుమన్నది.

"నేనే బిడ్డా, నాయినను" అని సార్ దగ్గెరికి పోయిండు. ఎంత దగ్గెరికి పోతె పిల్ల అంత బెదిరింది. మేడం పిలుస్తున్నా ఆగకుంట ఉరికచ్చి నా కాళ్లకు సుట్టుకున్నది. ఒక చేతుల కళ్లెం, ఇంకో చేత్తోని ఎత్తుకున్న. నా అంగీల మొకం దాసుకొని ఎక్కెక్కి ఏడ్చుకుంట, "నల్లోడచ్చిండు నర్సయ్యా, నల్లోడచ్చిండు" అన్నది.

నాతోని చెప్తున్నదక్కా. నా మెడ పట్టుకొని, నాతోని.

మేడం కెమెరా కిందికి దించింది. సార్ ఆన్నే నిలబడ్డడు, చెమటకు రంగు కారుకుంట.

తెల్లారి సార్‌ను ఆఫీసుకు తోలుకపోతుంటె చెవుల ఎనుక రంగు ఇంకా పోలేదు. కారు దిగుకుంట అన్నడు: "కడుక్కున్నంక గూడ లోటె నా దగ్గెరికి రాలేదు. వచ్చేయేడు ఆ బట్టలు ఇంట్లకు రావద్దు." నన్నన్న మాటకు తప్పైందని మాత్రం అనలేదు. నేను అడుగలేదు. నౌకరి ఉన్నది, ఫికర్ జెయ్యకు. పండుగ నా వల్లనే ఖరాబైందని మేడం ఇంకా మొకం ముడుసుకునే తిరుగుతున్నది. గుర్రాన్ని వాపస్ తోలొచ్చింది నేనే, బిస్కెట్లు ఊడ్సింది నేనే. యాష్టకచ్చింది.

గంగాధర్ మళ్లొచ్చేటప్పుడు పుంటికూర తొక్కు పంపు, కారం తక్కువెయ్యకు. మీ అత్తమ్మకు, మన పెద్దబాపుకు నా దండాలు చెప్పు. నీ దీవెన నా మీద ఉండాలె.

ఆఖరికి ఒక్క పని జెయ్యాలక్కా. బడిల పోరగాండ్లు కర్రెది అంటున్నరని మా ఇంటిది నా బిడ్డ శిరీషకు రోజు మొకం నిండ పౌడర్ రుద్ది తోలుతుందట. ఫోన్ల నేనంటె కొట్లాటైతది. నువ్వు రుద్రంగికి పోయి మెల్లగ చెప్పు. రేపటికెల్లి మొకం మంచిగ కడిగి, జడేసి, గట్లనే తోలమను.

నీ తోడవుట్టినోడు,
నర్సయ్య