ఉగ్రకేతుడిని చంపలేకపోయాను

1955 జూన్ 6, సోమవారం. ఎమ్మిగనూరు.
ఉదయం 6.00. నిర్ణయం: రోజుకో యుద్ధం. రాశాకే మగ్గం.
మద్రాసులో సినిమా కంపెనీకి దుస్తులు కుట్టే నా స్నేహితుడు వీరన్న ఆదోని వచ్చాడు. మా తిమ్మమ్మత్త చెప్పే గవ్వల కోట రాణి కథ వాళ్ళ డైరెక్టరుకు నచ్చిందట. “యుద్ధాలు నాలుగు, దుర్మార్గుడు ఒకడు. పదారో తేదీ పోతాండా. ఆలోపల రాసియ్యప్పా” అన్నాడు.
8.00. మొదటి యుద్ధం పూర్తి. ఏనుగులు వెయ్యి, గుర్రాలు పదివేలు. ఇంత సులువా!

జూన్ 7.
రెండో యుద్ధం. రాక్షసుడు ఉగ్రకేతుడు. ఎదురింటి దేవేంద్రప్పన్నను చూస్తూ రాశాను: గుబురు మీసం, ఎర్రటి కళ్ళు, కోట అదిరే నవ్వు.

జూన్ 8.
వీరన్న కబురు: కంపెనీ దగ్గర ఉన్న గుర్రాలు ఆరే. రెండు యుద్ధాలూ కొట్టేశాను. రాక్షసుడిని మాత్రం ఉంచుకున్నాను.

జూన్ 9.
మగ్గం మీద పడుగు పోగులు తెగాయి. రాయలేదు.

జూన్ 10.
ఉక్క. రాయలేదు.

జూన్ 11.
అత్తకు రాక్షసుడి వర్ణన చదివి వినిపిస్తుంటే దేవేంద్రప్పన్న గడపలో నిలబడి విన్నాడు.
“ఇది నా మొగమే కదా, శంకరన్నా?”
కాగితాలు వెనక్కి దాచుకున్నాను.
“బిడ్డ పోయి నాలుగేండ్లాయె. అప్పట్నించి నేను నవ్విందే ల్యా. నా నవ్వు యాడ ఇన్నావప్పా?”
వెళ్ళిపోయాడు.

జూన్ 12.
కలం ముట్టలేదు.

జూన్ 13.
మూడో యుద్ధం. ఉగ్రకేతుడికి ఒక కూతురిని పెట్టాను. జ్వరంతో పోయింది. గవ్వల కోటలో ప్రాణం పోసే మూలిక ఉందని విని దండెత్తాడు. రాణి కత్తి ఎత్తింది. అక్కడ ఆగిపోయాను.

జూన్ 14.
రాణి ఇంకా కత్తి దించలేదు.
“సంపుతావా, ల్యాదా?” అంది నా భార్య అంబమ్మ.
“చెయ్యి రావడం ల్యా.”

జూన్ 15.
కాగితాలు పట్టుకుని ఎదురింటికి వెళ్ళాను. తప్పయిందన్నాను. చదవమన్నాడు. చదివాను.
“మూలిక దొరికిందా?”
“ల్యాదన్నా. కోటలో ఏమీ ల్యా.”
మీసం నిమురుకున్నాడు. “అట్లయితే వాన్ని సంపాకప్పా, బతకనీ” అన్నాడు. వాళ్ళావిడ బొరుగుల ఉగ్గాని పెట్టింది. ఇద్దరం తిన్నాం. రాత్రి రాణి చేత కత్తి దింపించాను.

జూన్ 16.
ఆదోని స్టేషన్. వీరన్న చదివాడు.
“యుద్ధం యాడుందిరా? రాణీ రాక్షసుడూ కూసోని ఏడుస్తాండారు. ఇట్లా రాస్తే సినిమా ఎవురు తీస్తారు?”
కాగితాలు నా చేతికే ఇచ్చి రైలెక్కాడు. దీపావళికి మళ్ళీ వస్తాడట.

జూన్ 17.
ఉదయం 6.00. నిర్ణయం: వారానికో యుద్ధం. కొత్త రాక్షసుడు.
పిలవకుండానే దేవేంద్రప్పన్న వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. వాడు ఎలా ఉండాలో నువ్వే చెప్పన్నా అన్నాను.
“ఎట్లన్నా ఉండనీ. ఈ తూరి వానికి బిడ్డల్ని మాత్రం పెట్టాకు.”
‘వాడికి బిడ్డలు లేరు’ అని మొదటి వాక్యం రాసుకున్నాను.