మేకులు కొట్టిన తలుపు

బావగారికి,

ఫోన్‌లో నాకు మాట రాదని నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను. అక్క పోయాక నీకు రాయడం ఇదే మొదలు.

నేనిప్పుడు ఒక సినిమాలో ఉన్నాను. నవ్వకు. వడ్రంగం పనికే పిలిచారు. పెద్ద షెడ్డులో ఒక గది కట్టమన్నారు, కట్టాను. కిటికీ లేదు. తలుపు తెరిచే పని లేదంటే చట్రానికి మేకులు కొట్టేశాను. ఆ గదిలో కూర్చోవాల్సిన ముసలి నటుడు మంచాన పడ్డాడు. దర్శకురాలు చిన్నపిల్ల. నా మొహం చూసి "ఈయనే" అంది. కాదనడానికి నోరు రాలేదు. నేను కట్టిన గదిలో నేనే ఇరుక్కున్నాను.

గడ్డం గీసుకోకూడదంట. చొక్కా ఉతక్కూడదంట. నిన్న ఎలా ఉన్నానో ఇవాళా అలాగే ఉండాలంట.

కథ ఇది. తల్లి చావుబతుకుల్లో ఉంటే తమ్ముడు అన్నకి కబురు పెట్టడు. ముసలితనంలో వచ్చి తలుపు కొడతాడు. నేను అన్నని. "తమ్ముడూ, లోపలికి రా" అనాలి. అంతే మాట. అది నా నోట రావడం లేదు. తమ్ముడి వేషం వేసేవాడు ఇంకా రాలేదు. ఒక కర్ర నిలబెట్టి, ఇదే మీ తమ్ముడనుకోండి అంటున్నారు.

అక్కకి అంత బాగోలేదని నాకెందుకు చెప్పలేదు? అంతా అయిపోయాక కబురు పెట్టావు.

ఇట్లు,
నీ బావమరిది


ప్రియమైన బావమరిదికి,

ఒరే మొద్దూ, నీ మొహానికి సినిమానా! మీ అక్క ఉంటే వీధి వీధంతా చెప్పుకునేది.

బస్సు నడిపిన ఈ చేతులు ఇప్పుడు ఒక ఆఫీసు గేటు దగ్గర అడ్డకర్ర ఎత్తుతున్నాయి. అద్దాల గది. కాళ్ళు చాపుకునే చోటు లేదు. కారు వస్తే ఎత్తుతాను, పోతే దించుతాను. నేను మాత్రం ఎక్కడికీ పోను. అందరికీ కనిపిస్తాను, ఎవరూ చూడరు.

నువ్వు అడిగినదానికి జవాబు రాయబోయాను. కాగితం చించేశాను. తర్వాత రాస్తాను. ముందు ఆ కర్రతో మాట్లాడి గండం గట్టెక్కు. నాకన్నా అదే నయం, ఎదురు చెప్పదు.

ఉంటాను,
మీ బావ


బావకి,

తర్వాత అంటే ఎప్పుడు? మనకింక తర్వాతలు ఎన్ని మిగిలాయి?

ఇవాళ కూడా కాలేదు. లైట్ల వేడికి గోడల రంగు వాసన గొంతులో పట్టుకుంది. అందరూ నాకోసం ఆగి నిలబడ్డారు. మొహానికి రంగు పూసే అమ్మాయి, "ఉత్తుత్తిదే కదా తాతా, అనేస్తే పోలా?" అంది. ఉత్తుత్తిదైతే రావాలి కదా.

కథ మార్చారు. ఇప్పుడు తలుపు నిజంగా తెరవాలంట. మేకులు పీకుతుంటే చెక్క చీలింది. అతుకు వేసి బందులు బిగించాను. ఆ చీలిక కనపడుతూనే ఉంది.

ఒక్క మాట చెప్పి ఉంటే నేను రాకుండా ఉండేవాణ్ణా?

ఇట్లు,
బావమరిది


ప్రియమైన బావమరిదికి,

రాస్తున్నాను. చదివాక చించెయ్.

ఆసుపత్రి వాళ్ళు ఆశ లేదన్నారు. మీ అక్క రోజూ "తమ్ముడికి చెప్పావా?" అనేది. చెప్పానన్నాను. పనిలో ఉన్నాడు, వస్తాడన్నాను. నీకు చెప్తే అది నిజమైపోతుందని భయం. రేపు తేరుకుంటుంది, అప్పుడు నవ్వుతూ చెబుదాం అనుకున్నాను. ఎవరు తలుపు తీసినా తల తిప్పి చూసేది. నువ్వు రాలేదనుకుంటూనే పోయింది.

నువ్వు నన్ను తిట్టుకున్నది చాలదు. నీకు తెలియనిది ఇదీ. అద్దాల గదిలో కూర్చున్నా ఇది నాతోనే కూర్చుంటుంది.

క్షమించమని అడిగే మొహం లేదు.

మీ బావ


ప్రియమైన బావకి,

నీ ఉత్తరానికి జవాబు రాయలేదు. చదివిన రోజు నేను కట్టిన ఆ గదిలోంచి బయటికి రాలేదు. తిండి కూడా అక్కడికే తెచ్చారు. నిన్ను అనడానికి మాటలు వెతుక్కున్నాను. మంచి మంచివే దొరికాయి. మొన్నామధ్య తలుపు తీసినప్పుడు అవన్నీ నోటి చివరే ఉన్నాయి.

నువ్వు షెడ్డు దాకా వచ్చి నా కోసం అడిగావంట. ఆ దర్శకురాలు పిల్ల నాకు ముక్క కూడా చెప్పకుండా కర్ర తీసేసి నిన్ను నిలబెట్టింది. తీస్తే నువ్వు. గేటు కాపలా చొక్కాతోనే ఉన్నావు. ఎంత ముసలాడివైపోయావు! "బావా, లోపలికి రా" అనేశాను. నువ్వు ఆ ఉత్తుత్తి గది బయట చెప్పులు విప్పి మరీ వచ్చావు. అక్క అలా నేర్పిందని గుర్తొచ్చింది.

క్షమించావా అని వెళ్ళేటప్పుడు అడిగావు. తెలీదు బావా. అక్క తల తిప్పి చూడటం నన్ను వదలదు. నిన్నూ వదలదు. అందులోంచి ఇద్దరం బయటపడం. అయినా సెలవు దొరికినప్పుడల్లా రా.

నువ్వెళ్ళాక మళ్ళీ తీద్దామన్నారు. తమ్ముడూ అనాల్సిన చోట బావా అన్నానంట. ఇంక నావల్ల కాదన్నాను. చివరికి ఆ మాటకి వేరేవాడి గొంతు పెట్టారు. నిన్న ఆ ముక్క వేసి చూపించారు. నీ వీపు కూడా పడింది. అక్క ఉంటే వీధి వీధంతా చెప్పుకునేది.

తెర మీద "తమ్ముడూ" అనే వినపడుతుంది. నా పెదాలు మాత్రం బావా అనే అంటాయి. ఎవరూ పట్టుకోలేరు. నువ్వు చూడు.

ఎదురుచూస్తూ,
నీ బావమరిది