నూట పద్నాలుగో బిళ్ళ

ఆగస్టు 6, 2025. సాయంత్రం 5. గోదావరిఖని

ఆదివారం పేజీకి చౌక విమాన టికెట్ల కిటుకుల మీద స్టోరీ అడిగారు. దుబాయ్ వెళ్లేవాళ్లు ఇక్కడ వీధికి నలుగురు. అందుకే నాకిచ్చారు.

బస్టాండు వెనక షాబాజ్ ట్రావెల్ షాపులో గంటసేపు కూర్చున్నాను. కిటుకు సింపుల్. దుబాయ్ నుంచి హైదరాబాద్‌కు టికెట్ రేటు ఎక్కువ. అదే విమానంలో వచ్చి, హైదరాబాద్‌లో మారి, వైజాగ్ దాకా వెళ్లే టికెట్ తక్కువ. కాబట్టి వైజాగ్ దాకా కొనాలి, హైదరాబాద్‌లో దిగి ఇంటికి వచ్చేయాలి. చేతి బ్యాగు తప్ప సామాను ఉండకూడదు, లోడ్ చేస్తే వైజాగ్ పోవచ్చు. ఎయిర్‌లైన్ రూల్స్ దీన్ని ఒప్పుకోవు. ఒక లెగ్, అంటే మధ్యలో ఒక విమానం, ఎక్కకపోతే అదే బుకింగ్‌లోని మిగతా ప్రయాణమంతా రద్దవుతుంది. రిటర్న్‌తో సహా.

ఇది మోసం కాదా అని అడిగాను. అక్కా, సిన్మా టికెట్ కొని ఇంటర్వెల్‌ల లేసిపోతే జైల్ల ఏస్తరా, అన్నాడు షాబాజ్.

షాపులో గోడకు ఒక చెక్క ఉంది. దానికి మేకులు, మేకులకు నంబర్లున్న ఇత్తడి బిళ్ళలు. షాబాజ్ తండ్రి బద్రుద్దీన్ చాచా ముప్పై ఏళ్లు బొగ్గుబాయి ల్యాంప్ రూంలో పనిచేశారు. బాయిలోకి దిగేవాడికి ల్యాంపు ఇచ్చి, వాడి బిళ్ళ మేకుకు వేయడం, పైకొచ్చాక బిళ్ళ తిరిగివ్వడం ఆయన డ్యూటీ. ఇప్పుడు పాసింజర్లకు కూడా అదే చేస్తున్నారు. విమానం ఎక్కిన ప్రతి మనిషికీ ఒక బిళ్ళ. చేరాక ఫోన్ చేసి ‘చేరిన’ అని చెబితేనే తీస్తారు. జనం నవ్వుతారు, కానీ ఫోన్ చేస్తారు.

పేర్ల పుస్తకంలో 114 ఎదురుగా మా మరిది వేణుమాధవ్ పేరుంది. అతనిదీ ఇలాంటి టికెట్టే, ఎల్లుండి వస్తున్నాడు. రానూపోనూ ఒకే బుకింగ్. అతని భార్య జమున నాకు చెప్పలేదు. పేపరోళ్ల ఇంట్ల చెప్తే పేపర్ల వస్తదని భయం అంది, ఫోన్ చేస్తే.

ఆగస్టు 9. ఉదయం

మరిది నిన్న హైదరాబాద్‌లో దిగి, బస్సులో ఇల్లు చేరాడు. పాప టాన్సిల్స్ ఆపరేషన్ కోసం వచ్చాడు. దుబాయ్‌లో గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. సెప్టెంబర్ 1 పొద్దున డ్యూటీలో లేకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటామని సూపర్‌వైజర్ చెప్పే పంపించాడు. రిటర్న్ ఆగస్టు 31, వైజాగ్ నుంచి.

రూల్ ప్రకారం ఆ రిటర్న్ ఇప్పుడు లేదు. రెండు విడి టికెట్లు కొనమని షాబాజ్ చెప్పాడట, ఇతను వినలేదు. నెలాఖరుకు కొత్త టికెట్ కొనే స్థితిలో లేరు. దవాఖానకే అంతా పెట్టారు.

నిన్న హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి ‘చేరిన చాచా’ అంటే, బద్రుద్దీన్ బిళ్ళ తీయలేదట. నీ టికెట్ వైజాగ్‌కు ఉన్నది బేటా, నువ్వు చేరలే, అన్నారట. ముసలాయనకు చాదస్తం ఎక్కువైంది వదినా అని మరిది నవ్వాడు.

ఆగస్టు 10

జమునకు రిటర్న్ సంగతి చెప్పలేకపోయాను.

ఆగస్టు 12. మధ్యాహ్నం 2

షాబాజ్ పాత పాసింజర్లు పదకొండు మందితో మాట్లాడాను. పదకొండు మందికీ రెండో లెగ్‌కు ‘నో షో’, అంటే ఎక్కలేదని, పడింది. రానూపోనూ కొన్న నలుగురి రిటర్న్ రద్దయింది. ఒకరి మెంబర్‌షిప్ పాయింట్లు పోయాయి. స్టోరీకి ఇది చాలు.

పన్నెండోది మా వాడిది. షాబాజ్ కంప్యూటర్‌లో తీసి, స్క్రీన్ నా వైపు తిప్పాడు. హైదరాబాద్–వైజాగ్: ‘ఫ్లోన్’. అంటే ప్రయాణం చేశాడని. రిటర్న్ కన్ఫర్మ్‌డ్.

శోభకు ఫోన్ చేశాను. మా డెస్కు వదిలేసి ఎయిర్‌పోర్ట్ గ్రౌండ్ స్టాఫ్‌లో చేరిన పిల్ల. గంట తర్వాత చెప్పింది. అతని సీటు 23సి. గేటు దగ్గర బోర్డింగ్ పాస్ స్కాన్ అయింది. తలలు లెక్కపెట్టాకే తలుపు మూశారు. లెక్క సరిపోయింది.

ఆ విమానం లేచిన టైముకు మా మరిది సిద్దిపేటలో బస్సు ఆపి తీసుకున్న సెల్ఫీ జమున ఫోన్‌లో ఉంది. టైము చూశాను. పదకొండు నిమిషాల తేడా.

మరిదికి చెబితే గంతేశాడు. సిస్టంకు పిచ్చిలేసింది వదినా, మనకే మంచిదాయె, నువ్వు గది పేపర్ల రాసి చెడగొట్టకు, అన్నాడు.

ఆగస్టు 14

మరిది ఫోన్‌కు ఎయిర్‌లైన్ మెసేజ్. వైజాగ్ ప్రయాణంపై మీ అభిప్రాయం అందింది, ధన్యవాదాలు. అయిదుకు నాలుగు ఇచ్చారట. ఇతను ఏదీ నింపలేదు.

ఆగస్టు 19. ఉదయం 11

బద్రుద్దీన్ చాచాను అడిగాను, 114 ఎందుకు తీయరని. చాలాసేపు మాట్లాడారు. గుర్తున్నంత మేరకు ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

బేటీ, గప్పుడు ఎల్లన్న అని ఒక కోల్‌కట్టర్ ఉండె. వానలు పడ్డయి. ఇత్తనాలేసే దినం. ఆయన పొద్దుగాల వచ్చి మస్టర్ ఏసిండు, నా చేతుల మీదికెళ్లి ల్యాంప్ తీసుకున్నడు, దాన్ని తుమ్మల చాటుకు పెట్టి, గోడ దుంకి చేనుకు పోయిండు. షిఫ్టు ఇడిసేటాళ్లకు వచ్చి ల్యాంప్ ఇస్తె హాజరు పడుతది. శానమంది గట్లనే చేస్తుండిరి. నాకెరుకే. నేనేమంటలేకుంటి. ఆ షిఫ్టుల పైకప్పు కూలింది. నా బోర్డు మీద ఆరు బిళ్ళలు మిగిలినయి. లోపట అయిదు శవాలు దొరికినయి. ఆరో మనిషి కోసం రెండు దినాలు తవ్విన్రు.

ఎల్లన్న ఆ సాయంత్రమే గేటు దాకా వచ్చాడట, ఇది చాచా చాలా ఏళ్లకు విన్న సంగతి. భార్య నేల మీద పడి ఏడుస్తోంది. పైకి రానివాళ్ల లిస్టు చదువుతున్నారు. నేనున్న అనడానికి నోరు తెరిచేలోపు పెద్దమనిషి ఒకరు అతని తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, నౌకరి నీకిప్పిస్తం బిడ్డా అనడం విన్నాడు. బతికున్నానని చెబితే దొంగ మస్టర్ కింద తన నౌకరి పోతుంది, తమ్ముడికీ రాదు. వెనక్కి తిరిగాడు.

మూడేండ్లకు బసంత్‌నగర్‌ల కనవడ్డడు, లారీల దగ్గర. ఎల్లన్నా అని పిలిస్తి. తిరగలే. దగ్గరికి పోయి భుజం పట్టుకుంట పిలిస్తి. ఎవరిని పిలుస్తున్ననో అని ఆయన కూడ ఎనకకు చూసిండు బేటీ.

తర్వాత నాకు చాయ్ తెప్పించి, మనిషి లేకుంట ఉత్త పేరును ఎక్కడికీ తోలియ్యొద్దు అన్నారు.

ఆగస్టు 20

మా ఆఫీసు పాత ఫైళ్లు తీశాను. మృతుల జాబితాలో ఎల్లన్నది మూడో పేరు.

ఆగస్టు 31. మధ్యాహ్నం 3. విశాఖపట్నం

రాత్రి వరంగల్‌లో రైలెక్కి, పొద్దున్న ఇక్కడ దిగాం. టికెట్ వైజాగ్ నుంచి కాబట్టి వైజాగ్‌లోనే ఎక్కాలి. నేనెందుకు వచ్చానంటే జమున పంపింది. చూసి ఎక్కించు అక్కా, గీ దినం తప్పితే మా బతుకు బజార్ల పడుతది, అంది.

నేను చూసింది ముందు రాస్తాను. టెర్మినల్ తలుపు దగ్గర జవాను మరిది పాస్‌పోర్టు తీసుకున్నాడు. ఫొటో చూశాడు, మొహం చూశాడు. మళ్లీ బయటికి ఎప్పుడొచ్చావని హిందీలో అడిగాడు. మరిది ఇప్పుడే వస్తున్నానన్నాడు. జవాను భుజాలెగరేసి లోపలికి వదిలాడు. నాకు టికెట్ లేదు, బయటే ఆగాను.

నలభై నిమిషాలకు అతను బయటికి వచ్చాడు, బ్యాగుతో సహా.

ఇది అతను చెప్పింది. కౌంటర్‌లో అమ్మాయి నవ్వి, ఇందాకే వచ్చారు కదండీ, ఏమైనా మర్చిపోయారా అందట. లేదు, ఇప్పుడే వచ్చాను, బోర్డింగ్ పాస్ ఇవ్వండి అన్నాడట. మీకిచ్చేశాను సార్, విండో అడిగారు, లేదని చెబితే నడవ పక్కది తీసుకున్నారు, పాపకు ఒంట్లో బాగోలేదని కూడా చెప్పారు, అందట. పాస్‌పోర్టు చూపించాడు. ఆమె దాన్ని చూసింది, ఇతన్ని చూసింది, స్క్రీన్ చూసింది. తర్వాత నవ్వలేదట. పెద్దాఫీసర్ను పిలిచింది. ఆయన వచ్చేసరికి బోర్డింగ్ అయిపోయింది.

శోభకు ఫోన్ చేశాను. వేణుమాధవ్, 11సి, ఎక్కాడు, తలుపు మూశారు, హెడ్‌కౌంట్ కరెక్ట్, అంది.

మేం పార్కింగ్‌లో నిలబడి ఉండగా విమానం మా మీదుగా వెళ్లింది. మరిది తలెత్తి చూడలేదు. అతను ఒక్కటే అడిగాడు, పాప సంగతి వానికెట్ల తెలుసు వదినా.

సెప్టెంబర్ 1. ఉదయం 10. గోదావరిఖని

ఫ్లైట్ తప్పిపోయిందని, రెండు రోజులు టైమివ్వమని మరిది సూపర్‌వైజర్‌కు వాయిస్ మెసేజ్ పెట్టాడు. వెంటనే జవాబు. నవ్వుతున్నాడు. పొద్దుగాలే తాగావా, ఆరింటికే వచ్చి సంతకం పెట్టి బండి ఎక్కావు, నా కళ్ల ముందే ఉన్నావు.

ఆ మెసేజ్ నాలుగుసార్లు విన్నాం. వెనకాల ఫోర్క్‌లిఫ్ట్ రివర్స్ చప్పుడు వినిపిస్తోంది. జమున కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, అయితే నౌకరి ఉన్నట్టేనా అక్కా, అని అడిగింది.

నేను ఆ మెసేజ్ మళ్లీ పెట్టాను.

సెప్టెంబర్ 2

స్టోరీ పంపాను. సామాను, రిటర్న్ రద్దు, పాయింట్లు. పదకొండు మంది కేసులు. పన్నెండోది రాయలేదు. ఎవ్వరికీ చెప్పొద్దని జమున నా చెయ్యి పట్టుకుంది. జీతం ఈ అకౌంట్‌లోనే పడుతుంది కదా అంది. మరిది పక్కనే ఉన్నాడు. ఆమె అతని వైపు చూడకుండా అంది.

సెప్టెంబర్ 3. ఉదయం

షాపుకు వెళ్లాం, మరిది, నేను. 114 మేకు ఖాళీగా ఉంది. నిన్న దుబాయ్ నుంచి ఫోన్ వచ్చిందట. చేరిన చాచా, జర ఆలస్యమైంది, అన్నాడట. మరిది దుబాయ్ నంబరే. ఆ సిమ్ మరిది పర్సులో ఉంది, తీసి చూశాను.

బద్రుద్దీన్ చాచా డ్రాయర్ నుంచి కొత్త బిళ్ళ తీశారు. పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని, నీ పేరేంది బేటా అని అడిగారు.

మరిది నా వైపు చూశాడు.