మూల మడిచిన పేజీలు

అక్కకి,

ఇక్కడ అందరూ కులాసా, నేను తప్ప.

పుస్తకాలు కొనడం మానేసి నీలాగే ఈ-రీడర్ కొనుక్కోమన్నావు. కళ్ళకి హాయి, అల్మారా ఖాళీ, నిజమే. కానీ ఇన్నేళ్ళూ ప్రతి పుస్తకం ముందు నువ్వు చదివి, ఏడుపొచ్చిన పేజీ మూల మడిచి నాకిచ్చేదానివి. ఆ మడత దగ్గరికి రాగానే, నాకు ఏడుపు రాకపోయినా కాసేపు ఆగేదాన్ని. ఆ మిషన్‌లో మూల ఎక్కడ మడుస్తావు?

మొన్న మీ ఇంటికొచ్చి అదే అడిగితే, "మా తోడికోడలూ నేనూ ఒకే అకౌంట్‌లో చదువుతున్నామే. ఏడుపొచ్చిన చోట తను గీత గీస్తే నాకు కనిపిస్తుంది, భలే ఉంటుంది" అన్నావు. ఎందుకుండదూ! నువ్వు లోపలికెళ్ళినప్పుడు ఆ గీతలు చూశాను. ఆవిడకి వాన పడినా ఏడుపే, తలుపేసినా ఏడుపే. సగం పుస్తకం గీసిపారేసింది. అలాంటావిడతోనా నీకు జత కుదిరింది?

మా ఆయన "కడుపుమంటకి మందు తేనా?" అని ఎగతాళి చేస్తున్నారు. నాకేం మంట లేదు.

నిన్న నేనూ ఈ-రీడర్ కొనేశాను. ఇంకా ఒక్క పుస్తకమూ ఎక్కించలేదు. మొదట ఏది చదవాలో నువ్వే చెప్పు.

ఆవిడ చదవనిది చెప్పు.

నీ చెల్లెలు