నురుగు రాని సబ్బు

చిట్టితల్లికి నాన్న బోలెడన్ని దీవెనలతో రాసేది.

ఇక్కడ నేనూ, మీ అమ్మా, నువ్వు మాకు అప్పగించి వెళ్ళిన నీ ముద్దుల కుక్క చప్పిడిగాడూ ముగ్గురం క్షేమం. దీవి మీద కూర్చుని గాలినీ వాననూ కొలిచే ఉద్యోగం చేస్తున్న నువ్వు కూడా వాటి మధ్య క్షేమంగా ఉన్నావని తలుస్తాను. క్షేమం అనే మాట ఈసారి చెయ్యి తడబడకుండా రాస్తున్నాను తల్లీ. అలా ఎందుకన్నానో ముందుకు చదివితే నీకే తెలుస్తుంది. మొదట సంతోషం చెప్పనీ. అది లోపల పట్టేలా లేదు.

ఈ పొద్దున్నే వాణ్ణి పశువుల డాక్టరమ్మకు చూపించి వచ్చాను. ఆవిడ వాణ్ణి బల్ల మీద నిలబెట్టి, ఆ చప్పిడి ముక్కు మీద మడతలు ఒక్కొక్కటే విప్పి చూసింది. చెవులు తిరగేసి చూసింది. కాలివేళ్ళ సందుల్లో దీపం వేసి చూసింది. పొట్ట మీద బొచ్చు పాయలు తీసి మరీ చూసింది. పరీక్ష రాసి ఫలితం కోసం నిలబడ్డవాడిలా నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. చివరికి కళ్ళద్దాలు తీసి, "పెద్దాయనా, వీడి చర్మం నా చర్మం కంటే బాగుంది" అంది. "ఏమన్నారమ్మా, ఇంకోసారి చెప్పండి" అన్నాను. ఇంకోసారి చెప్పింది. మూడోసారి అడిగితే బాగుండదని ఊరుకున్నాను గానీ, ఇంటికొచ్చే దారిలో కనబడ్డవాళ్ళందరికీ నేనే చెప్పాను. మందుల షాపతనికి చెప్పాను, రొట్టెల కొట్టు ఆవిడకు చెప్పాను, మన కింది వాటాలో ఉండే లెక్కల మాస్టారికి చెప్పాను. "చర్మం పూర్తిగా నయమైపోయింది మాస్టారూ" అంటే, ఎవరి చర్మమో ఏమిటో పాలుపోక, పాపం ఆయన "సంతోషమండీ" అని గబగబా తలుపు వేసుకున్నారు.

నీ ఉత్తరం నిన్నటి పడవలో వచ్చింది. మీ అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. బాగానే ఉంది. మెట్లు దిగేటప్పుడు మాత్రం మెట్టుకొకసారి నన్ను తిడుతుంది, ఆ మెట్లేవో నేనే కట్టించినట్టు. చప్పిడిగాడు కాళ్ళు నాకుతున్నాడా అని అడిగావు. మానేశాడు. గడ్డిలో ఉండే దుమ్మేదో వాడికి పడదట. అందుకని బయటి నుంచి రాగానే నాలుగు కాళ్ళూ ఉత్త నీళ్ళలో ముంచి తీసి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడుస్తున్నాం. ముక్కు మడతలు రోజుకు రెండుసార్లు తడి దూదితో తుడిచి, వెంటనే పొడి దూదితో అద్దుతున్నాం. మడతలో తడి నిలిస్తే పుండు పడుతుందని నువ్వు చెప్పింది నిజమే. తిండి చేపా, చిలగడదుంపా, అంతే. మీ అమ్మ వాడికి బిస్కెట్టు పొడి కూడా అంటనివ్వదు. వాడి దగ్గరికి వెళ్ళేముందు నా జేబులు తడిమి చూస్తుంది. ఇన్నేళ్ళ కాపురంలో నా జేబులు ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు.

చెవి గోక్కోకుండా మెడకు కట్టిన గరాటు తీసేశాం. అది ఉన్నన్నాళ్ళూ వాడు ప్రతి గుమ్మానికీ గుద్దుకునేవాడు. వాడు గదిలోకి రాగానే మీ అమ్మ, "లే, మైకు వచ్చింది, ఉపన్యాసం మొదలెట్టు" అనేది. ఆయాసం పెరగలేదు. ఎండ లేని పూట చూసి, గోరువెచ్చటి నీళ్ళు తల మీద పొయ్యకుండా స్నానం చేయిస్తున్నాను. ముందు నుంచీ వేస్తున్న చిన్న మాత్రలు తగ్గించుకుంటూ వచ్చి పోయిన వారం ఆపేసింది డాక్టరమ్మ.

ఇక నీ చివరి ప్రశ్న. "నాన్నా, ప్రతి నెలా నువ్వు తగ్గుతోంది తగ్గుతోంది అని రాస్తావు. అమ్మేమో నీ ఉత్తరం అట్టడుగున, వాడు గోక్కుని గోక్కుని చెవి పుండు చేసుకున్నాడు అని రాసింది. ఎవరిది నిజం? ఈ పడవకి సరైన జవాబు రాకపోతే, పై పడవకి రాజీనామా ఇచ్చి వచ్చేస్తాను" అన్నావు. ఆ ముక్క రెండుసార్లు చదివాను. ఆ ఉద్యోగం కోసం నువ్వు ఎన్నేళ్ళు పుస్తకాల మీద తలవాల్చి నిద్రపోయావో చూసినవాణ్ణి. నా వల్ల అది పోకూడదు. నిజం మీ అమ్మదే తల్లీ. మొదటి నుంచీ చెబుతాను, ఓపిగ్గా చదువు.

నేను నలభై ఏళ్ళు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికినవాణ్ణని నీకు తెలుసు. నాకు మురికి అంటే పగ. నువ్వు వెళ్ళిన నెలకు వాడు గోక్కోవడం ఎక్కువైంది. గోక్కుంటున్నాడంటే మురికి ఉండి ఉంటుంది అనుకున్నాను. వాడు పడుకునే దుప్పటి నాకు తెలిసిన పద్ధతిలో సోడా వేసి ఉడకబెట్టాను, బ్లీచింగు పెట్టాను, గంజి కూడా పెట్టాను. నిలబెడితే నిలబడేది ఆ దుప్పటి. వాడు ఇంకా గోక్కున్నాడు. నేను ఇంకా ఉతికాను.

డాక్టరమ్మ నాకో నోటుబుక్కు ఇచ్చి, "రోజుకు ఎన్నిసార్లు గోక్కుంటాడో రాయండి" అంది. నాకు రాతకంటే గీతలు అలవాటు. లాండ్రీలో దుప్పట్ల మూటలు లెక్కపెట్టినట్టే నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. వాడు గోక్కున్నప్పుడల్లా ఒక గీత. మీ అమ్మ చూసి, "వాడు గోక్కుంటున్నాడు, నువ్వు గీక్కుంటున్నావు, మధ్యలో నేను" అనేది.

అంతలో వారం రోజులు ఎడతెరిపి లేని వాన. ఉతికిన దుప్పటి ఆరలేదు. మీ అమ్మ తన పాత నూలు దుప్పటి ఒకటి వాడికి వేసింది. "మీ ఆసుపత్రి వాసన నా పక్కలో వద్దు" అని పెళ్ళైనప్పటి నుంచీ ఆవిడ దుప్పట్లు ఆవిడే ఉత్త సబ్బుతో ఉతుక్కుంటుంది కదా, ఆ దుప్పటి. ఆ వారం పేజీలో గీతలు సగానికి సగం తగ్గిపోయాయి. డాక్టరమ్మ పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పి, "ఈ వారం ఏం మార్చారు?" అని అడిగింది. వాన సంగతి చెప్పాను. "మామూలప్పుడు ఎలా ఉతుకుతారు?" అంది. నా పనితనం మెచ్చుకుంటుందేమోనని, సోడా నుంచి గంజి దాకా వివరంగా చెప్పాను. ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. ఆ రోజుతో సోడా, బ్లీచింగు, గంజి, అన్నీ బంద్. ఈ ముక్క కూడా నేను నీకు రాయలేదు. తగ్గుతోంది అని మాత్రం రాశాను. సగం తగ్గింది కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

కానీ ఆ సగం దగ్గరే ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఈ లోకంలో ఒక్క నాకే తెలుసు.

తల్లీ, నువ్వు వెళ్ళేముందు మందు షాంపూ ఇచ్చి, "వారానికి ఒకసారి నాన్నా, పట్టించి పది నిమిషాలు ఆగి కడుగు" అని గోడకు కాగితం అంటించి వెళ్ళావు. మొదటిసారి పట్టించాను. నురుగు రాలేదు. ఎంత రుద్దినా రాలేదు. నురుగు రాని సబ్బు సబ్బేమిటి, ఎవరో మా పిల్లను మోసం చేశారు అనుకున్నాను. సీసా పక్కన పెట్టి, నా బట్టల సబ్బు తీశాను. రోజు విడిచి రోజు దాంతోనే వాడికి స్నానం. వాడు తెల్లటి నురుగులో నిలబడి నావైపు చూస్తుంటే, ఇదీ శుభ్రమంటే అనుకుని మురిసిపోయాను.

అంతటితో ఆగితే తెలియనితనం అనుకోవచ్చు. డాక్టరమ్మ, "షాంపూ వాడుతున్నారా?" అని అడిగితే, "వాడుతున్నానమ్మా" అన్నాను. ఆవిడ సీసా ఎంతవరకు వచ్చిందో చూస్తుందని, స్నానం చేయించినప్పుడల్లా కొంచెం కొంచెం తూములో పోశాను. అలా రెండు సీసాలు పోశాను. దుప్పటి సంగతి తేలాక కూడా సబ్బు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఒక తప్పు ఒప్పుకున్నాను కదా, రెండోది ఎందుకులే అనుకున్నాను. నలభై ఏళ్ళు ఉతికిన చెయ్యి తప్పు చేస్తోందని ఒప్పుకోవాలంటే నాకు తల తీసేసినట్టుండేది తల్లీ. అందుకే నీకూ అబద్ధం రాశాను.

పోయిన పడవ వెళ్ళిన మూడో రోజు మళ్ళీ పశువుల ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ గీతలు చూసి నిట్టూర్చింది. "షాంపూ పనిచెయ్యట్లేదు పెద్దాయనా. ఇక పెద్ద మాత్రలు రాయక తప్పదు. వాటితో ఒళ్ళు వస్తుంది. ముక్కు చప్పిడి కుక్కకు ఒళ్ళొస్తే ఊపిరి ఇంకా కష్టమవుతుంది, జాగ్రత్తగా చూసుకోవాలి" అంటూ రాయడం మొదలుపెట్టింది. చప్పిడిగాడు బల్ల మీద గురగురమంటూ ఊపిరి పీలుస్తున్నాడు. నా చెయ్యి నాకు తెలియకుండానే వెళ్ళి ఆవిడ కాగితం మీద పడింది.

"ఆగండమ్మా. షాంపూ పనిచెయ్యకపోవడం కాదు. వాడి ఒంటికి అది ఒక్కసారే తగిలింది" అన్నాను.

"మరి రెండు సీసాలు?"

"తూము తాగిందమ్మా."

ఆవిడ కలం మూసి పక్కన పెట్టింది. "మీరు చెప్పకపోతే అక్కర్లేని మందు నా చేత్తో వీడికి మింగించేదాన్ని. వీడు నోరు విప్పి చెప్పలేడు కదా పెద్దాయనా, వీడి తరఫున మీరు చెప్పాలి కదా" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. తర్వాత, తను రాసిన కాగితం చింపేసి, కోటు చేతులు పైకి మడిచి, "రండి" అని వెనక గదిలో తొట్టి దగ్గరికి తీసుకెళ్ళింది. షాంపూ నా చేతే పట్టించింది. గోడ గడియారం చూపించి, "ఇప్పుడు పది నిమిషాలు ఏమీ చెయ్యకండి" అంది.

ఏమీ చెయ్యకుండా నిలబడటం నాకు ఎంత కష్టమైందో చెప్పలేను. చేతులు రుద్దుదామని లాగుతున్నాయి. ఆవిడ అది కనిపెట్టి, నా లాండ్రీ పని గురించి ఒకటొకటే అడుగుతూ కూర్చుంది. చివర్లో, "గుడ్డకైతే ఉన్నదంతా వదిలిపోవాలి. చర్మానికి దాని నూనె దానికి ఉండాలి. ఇక్కడ పనిచేసేది నురుగు కాదు, ఆ ఆగడమే" అంది. నేను కళ్ళు తుడుచుకుంటుంటే, "ఈ అలర్జీ వీడితో పుట్టింది, వీడితోనే ఉంటుంది. మీరు తెచ్చింది కాదు. మీరు చేసింది దాన్ని రెచ్చగొట్టడం. రోజూ చూసుకుంటే అణిగి ఉంటుంది. మీ అంత ఓపిక ఉన్నవాళ్ళు నాకు తక్కువమంది దొరుకుతారు" అంది. ఆ తల్లి రుణం నేను ఏం చేసినా తీరదు. తప్పు పట్టుకున్న చేత్తోనే పని నేర్పించింది.

ఇంటికొచ్చి మీ అమ్మతో చెప్పాను. ఆవిడ తిట్టలేదు. గోడ మీద నువ్వు అంటించిన కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. సాయంత్రం, "అమ్మాయికి రాయి" అంది. "నయమయ్యాక రాస్తానే" అంటే, "నయమైనా కాకపోయినా రాయాల్సింది రాయాల్సిందే" అంది. నువ్వు ఉద్యోగం మానేసి వస్తానన్నాక మాత్రం, ఇది రాయాలంటే భయం వేసింది. ఈ నాన్నను నమ్మి వదల్లేనని పడవ ఎక్కేస్తావేమోనని. రాయకపోతే నేను ఎంత మంచి వార్త రాసినా నువ్వు నమ్మవు. నమ్మకపోయినా పడవ ఎక్కుతావు. అందుకని ఉన్నది ఉన్నట్టు రాసేశాను.

నీకు కోపం వస్తే రానీ. నాలుగు తిట్టి రాయి, నీ అక్షరాల్లో చదువుకుంటాను. కానీ ఉద్యోగం వదలకు తల్లీ. డాక్టరమ్మ ఈ ఉత్తరంతో పంపమని తన చేత్తో నాలుగు ముక్కలు రాసి ఇచ్చింది, లోపల పెట్టాను. నా మాట మీద కాకపోయినా, ఆవిడ మాట మీద ఉండు. మా ఇద్దరికీ కడుపునిండా పని ఇచ్చి వెళ్ళావు. వాడు లేకపోతే మీ అమ్మా నేనూ ఈ వయసులో ఇన్ని మాటలు మాట్లాడుకునేవాళ్ళమా? నీకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇంకా రాసేవాణ్ణే గానీ, నాలుగింటికి పోస్టు సంచీ కట్టేస్తారు. చప్పిడిగాడు నా రెండు పాదాల మీదా బోర్లా పడుకుని గురక పెడుతున్నాడు. గంటన్నరైంది, ఒక్కసారి కూడా లేచి గోక్కోలేదు. మీ అమ్మ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"రాశావా?"

"రాశాను."

"అంతా?"

"తూముతో సహా."

"సరే, ఇటియ్యి. మెట్లు నేను దిగుతాలే. నువ్వు కదిలితే వాడు లేస్తాడు" అంటూ చెయ్యి చాపింది.

ఇట్లు,
నీ నాన్న, చప్పిడిగాడి తాత.